బావి చుట్టూ ముళ్ళకంప

నా ఎడమ చెవికి తమ్మె లేదు. ఎలా పోయిందని అడిగినవాళ్ళకు, వాళ్ళ మొహం చూసి ఒక్కో జవాబు చెబుతూ వచ్చాను. పిల్లలకు చిరుతపులి అని చెప్పాను. జహీరాబాద్ బస్టాండు ముందు చాయ్ దోస్తులకు పోలీసు లాఠీ అన్నాను; ఏ ఉద్యమంలో అని వాళ్ళు అడిగేలోపే ఇంకో చాయ్ చెప్పేవాణ్ణి. దవాఖానలో పళ్ళ డాక్టరు ఒకాయన వంగి చూసి, "ఇది పంటి గాటు లాగుందే పెద్దాయనా" అన్నప్పుడు మాత్రం తడబడి నక్క అన్నాను. ఇంట్లో వాళ్ళకు ఇవేవీ చెల్లవు. వాళ్ళకు చెప్పింది ఒకే కథ. కరువు ఏడాది మా బావి మీదికి నీళ్ళ కోసం తొమ్మిది మంది వచ్చారు. మా అన్న మాణయ్య కర్ర తీసుకుని అందులో ఒకడి చెయ్యి విరగ్గొట్టాడు. ఎల్లమాస పండుగ నాడు ఆ మనిషికి మా అవ్వ అన్నం పెట్టబోతే అన్న వచ్చి కుండ తన్నాడు. నేను అడ్డం పడ్డాను. అన్న నా చెవి కొరికాడు. యాభై ఏళ్ళు ఈ కథ పెళ్ళిళ్ళలో చెప్పాను, చావుల్లో చెప్పాను. అన్న పక్కన కూర్చుని ఉండగా కూడా చెప్పాను. ఆయన బీడీ తాగుతూ వినేవాడు. పూర్తయ్యాక బూడిద రాల్చి, "అయిందా? పా, బువ్వ తిందాం" అనేవాడు.

అన్న నిరుడు పోయాడు. సంవత్సరీకానికి ఆయన మనవరాలు శ్రావణి హైదరాబాద్ నుంచి వచ్చింది. యూనివర్సిటీలో ఏదో పెద్ద చదువు చదువుతోంది. చేతిలో పుస్తకం, చెవిలో వైరు, నోట్లో నా కన్నా ఎక్కువ మాటలు.

"నీ పుస్తకం దేని మీదనే బిడ్డా?"

"బతుకుడు మీద, చిన్న తాతా."

"దానికి పుస్తకమెందుకే? ఊపిరి పీలిస్తె సాలదా?"

"గదే రాస్తున్న. ఊపిరుంటె సాలా, సాలదా అని."

విడమరిచి చెప్పింది. భూమి వేడెక్కుతోందట, నీళ్ళు అడుగంటుతున్నాయట. ఇలాంటి ఆపదలో ముందు ప్రాణం, తర్వాతే మంచీ చెడ్డా; అవసరమైతే గట్టి చేయి ఒకటి కర్ర పట్టుకుని అందరినీ అదుపులో పెట్టాలి అనే పండితులు కొందరున్నారట. ప్రాణం కోసం ఏదైనా చేయొచ్చని ఒకసారి ఒప్పుకుంటే, ఆ దక్కిన ప్రాణంతో ఏం చేసుకుంటావు, అసలు ఆ కర్ర ఎవరి చేతికిస్తావు అని అడిగేవాళ్ళు ఇంకొందరట. రెండు పక్షాలకూ ఉదాహరణ మన ఇంట్లోనే దొరికింది అంది. అని, రాసింది చదివి వినిపించింది. తొమ్మిది మంది, బావి, కర్ర పట్టిన తాత మాణయ్య, విరిగిన చెయ్యి, తన్నిన కుండ. బతికితే చాలు అనుకున్న మనిషి ఎంత దూరం పోతాడో చెప్పడానికి సొంత తాతను నిలబెట్టింది.

"తాత పేరు గూడ పెట్టిన. పెట్టెటప్పుడు ఏడుపొచ్చింది. చిన్నప్పుడు నన్ను మోసిన చేతులవి. కాని నిజమైతె రాయాలె గద, చిన్న తాతా? నెల దినాలల్ల అచ్చుకు పోతది."

గోడ మీద దండ వేసిన ఫోటోలో అన్న చూస్తున్నాడు. ఆ పూట నాకు బువ్వ సయించలేదు. ఆ కథలో నిజం ఒక్కటే ఉంది. చెవి కొరికింది అన్నే. మిగిలిందంతా ఇక్కడ రాస్తున్నాను.

మాది న్యాల్‌కల్ దగ్గర, కర్ణాటక గాలి తగిలే ఊరు. ఎర్రమట్టి చెలకలు, వాన పడితే జొన్న, పడకపోతే రాయి. అప్పుడు నాకు ఇరవై దాటాయి, ఒంట్లో ఎద్దు బలం ఉండేది. ఎద్దు అన్నది కూడా కొంచెం ఎక్కువే, కోడెదూడ అనుకోండి. నాయన లేడు. అవ్వ, అన్న, వదిన, వాళ్ళ ఆరు నెలల కొడుకు, నేను. తెల్లవారకముందే అవ్వ తిరగలి మొదలుపెట్టేది. ఆ రాయి గరగరలోనే మా నిద్ర ఆఖరి ముక్క ఉండేది. తర్వాత రొట్టె చరిచే చప్పుడు, పొయ్యిలో కంది కట్టె పొగ, అవ్వ చెంగు ముడిలోని పొగాకు వాసన. కుండలో అంబలి పులిసిందో లేదో ఆమె నోటితో చూసేది కాదు, ముక్కుతో చూసేది. మూత తీసి, కళ్ళు మూసుకుని, "ఇంకో జాము" అనేది. జాము తర్వాత అది అమృతమే. కరువు ఏడు తిరగలి గరగర తగ్గుతూ వచ్చి, వారానికి రెండు సార్లయింది. నిశ్శబ్దానికే మెలకువ రావడం అప్పుడే మొదలైంది నాకు.

రెండేళ్ళు వరసగా వాన మొహం చాటేసింది. బాట మీద కూలబడ్డ ఎద్దుకు ఇంకా ప్రాణం ఉండగానే కుక్కలు తొడ దగ్గర మొదలుపెట్టేవి. ఎద్దు తల తిప్పి తన తొడను తినేవాళ్ళను చూసేది, అంతే. అదిలించడానికి తోక కూడా లేచేది కాదు. ఊరి బావి దగ్గర ఒక మామ కోడలి జుట్టు చేతికి చుట్టుకుని బిందె గుంజుకోవడం నేను చూశాను. ఆ బిందెలో ఉన్నది సగం బురద. అది ఒలికిపోయింది, ఇద్దరూ అక్కడే కూర్చుని ఆ తడి మట్టిని చేతులతో ఎత్తుకున్నారు. మరాఠా దిక్కు నుంచి మనుషులు మూటలతో, పిల్లలతో, నడిచి వస్తుండేవారు. హైదరాబాద్ పోయే పెద్ద బాట పక్కన సర్కారు కరువు పని పెట్టింది, కంకర కొట్టే పని. రాళ్ళు కొట్టిన చేతికే ఆ పూట జొన్నలు.

మా చెలకలో బావి ఒకటి ఎండకుండా నిలిచింది. అన్న దాని చుట్టూ తుమ్మకంప వేశాడు. రోజూ పొద్దున చేద తాడు దింపి, తడిసినంత మేర చూసి, అక్కడ ఎర్ర దారం ముడి వేసేవాడు. ఒక్కో రోజు ముడి బొటనవేలంత కిందికి జరిగేది. ఆ తాడు పట్టుకుని అన్న నిలబడితే, జ్వరం బిడ్డ నాడి పట్టుకున్నట్టు ఉండేది. వదినకు పాలు తగ్గాయి. ఆమెకు రెండు చెంబులు, అవ్వకు ఒకటి, ఎద్దులకు బకెట్టు, మా ఇద్దరికీ కలిపి ఒక చెంబు. ఇది ఆయన రాజ్యాంగం. తనకు తాను అందరికన్నా తక్కువ రాసుకున్న రాజ్యాంగమని అప్పుడు నాకు తట్టలేదు.

అలాంటప్పుడు ఎల్లమాస వచ్చింది. మా సరిహద్దు ఊళ్ళలో చలికాలపు అమావాస్య నాడు చేసే చేను పండుగ ఇది. ఉన్న పప్పులన్నీ, ఆకుకూరలన్నీ కలిపి పెద్ద కుండలో బజ్జి వండుతారు. అంబలి కాస్తారు. జొన్నచొప్పతో చిన్న గుడిసె కట్టి అయిదు రాళ్ళకు సున్నం పూసి పాండవులని మొక్కుతారు. అంబలి, బజ్జి చేనంతా చల్లుతారు, దానినే పొలి అంటారు. ముందు నేల తినాలి, తర్వాత బాట మీద పోయే మనిషిని, ఎవడైనా సరే, కేకేసి పిలిచి పెట్టాలి, ఆ తర్వాతే ఇంటివాళ్ళు ముట్టాలి. అవ్వ విత్తనాల కుండలు దింపి, ఒక్కోదాంట్లోంచి ఒక్కో పిడికెడు తీయబోయింది. అన్న ఆమె మణికట్టు పట్టుకున్నాడు. మా ఇంట్లో కొడుకు తల్లి చేయి అలా పట్టుకోవడం అదే మొదలు.

"అవ్వా, ఈయేడు ఎల్లమాస లేదు."

"అమాస ఆగుతాదిరా?"

"అమాస ఆగది. మనం ఆగుదాం. ముందు బతుకుదాం. బతికితె వచ్చే యాడాది రెండు కుండలు వండు, నేనే మోస్త."

"నేలకు చల్లకుంట, తొవ్వల పోయెటోన్ని పిలువకుంట ఒక్కసారి తిన్నవనుకో, దాని రుచి మరుగుతవ్ కొడకా. వాన పడ్డంక గూడ గట్లనె తింటవ్."

"వాన చూడాలంటె ముందు మనం ఉండాలె గదనే! పోరడు పాలకేడుస్తుండు, నీకినబడ్తలేదా?"

"ఇనబడ్తంది. ఉండాలె. కాని మనలెక్క ఉండాలె."

అన్న చేయి వదిలాడు. ఆ రోజు ఎవరిది సరి అని ఎవరైనా నన్ను అడిగి ఉంటే, ఎవరి దగ్గర రొట్టె ఉందో వాళ్ళది సరి అనేవాణ్ణి. శ్రావణి పండితులు పుస్తకాల్లో తగువు పడుతున్నది ఇదే అయితే, మా ఇంటి పొయ్యి ముందు అది ఎంగిలి గిన్నెలు ఆరేలోపు తేలిపోయింది. ఎల్లమాస చేయాలని తేలింది. గెలిచింది అవ్వ. ఓడిన అన్న మాత్రం బావి కాపలా వదల్లేదు.

పండుగకు వారం ముందు అన్న ఎద్దుల మేతకు కోహీర్ దిక్కు పోతూ కర్ర నా చేతికిచ్చాడు. "ఎవరన్న వస్తె అదిలియ్యి. కొట్టకు. మనిషి ఉన్నడని కనబడితె సాలు, పోతరు" అన్నాడు. కొట్టకు అన్న ఆ మాటను నేను యాభై ఏళ్ళు కథలో చెప్పలేదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. తొమ్మిది మంది అన్నాను కదా, తొమ్మిది మంది రాలేదు. మొదట్లో నలుగురు అనేవాణ్ణి, వినేవాళ్ళ కళ్ళు పెద్దవవుతున్న కొద్దీ పెంచాను. వచ్చింది ఒక్కడు. దొంగ కూడా కాదు. నా వయసు వాడే, మరాఠా మనిషి, తలకు గుడ్డ, చేతిలో సొట్టపడ్డ సత్తు బిందె. కంపను కాలితో మెల్లగా పక్కకు జరిపి లోపలికి వచ్చాడు. నన్ను చూసి పారిపోలేదు. "పాణీ, దాదా. పోరీసాఠీ" అన్నాడు. కూతురి కోసమని నాకు అర్థమైంది. ఆ మాత్రం మరాఠీ మా దిక్కు అందరికీ వస్తుంది.

నాకు కోపం రాలేదు. భయం వేసిందని కోర్టులో అయితే చెప్పేవాణ్ణి, వెయ్యలేదు. పొద్దుటి నుంచి ఆ కర్ర నా చేతిలో ఉంది. దాని బరువు ఎంతో చూడాలనిపించింది. తల మీదికి ఎత్తాను, వాడు అడ్డంగా చేయి పెట్టాడు. ఎండిన కంది కట్టె మోకాలికి పెట్టి విరిచినప్పుడు వచ్చే చప్పుడు వచ్చింది. చేయి మోచేయికీ మణికట్టుకూ మధ్య కొత్తగా ఇంకో చోట వంగింది. వాడు అరవలేదు, ఆశ్చర్యంగా ఆ చేతినే చూశాడు. రెండో దెబ్బ బిందె మీద వేశాను. మూడోది, కంపలో పడి లేస్తున్న వాడి వీపు మీద. మొదటిది పొరపాటని సర్దిచెప్పుకోవచ్చు. రెండోదీ మూడోదీ ఏమని చెప్పుకోను? వాడు పోయాక, చేద వేసి ఒక చెంబు నీళ్ళు తోడుకుని గటగటా తాగాను. ఆ నీళ్ళు చల్లగా, చాలా బాగున్నాయి.

ఎల్లమాస నాడు కుండ నెత్తిన పెట్టుకుని చేనుకు మోసింది అన్నే. తన్నలేదు, మోశాడు. బజ్జిలో పప్పు పిడికెళ్ళే, మిగిలిందంతా బావి తడికి మొలిచిన తుమ్మికూర, చెంచలికూర. అయినా ఆ వాసనకు కడుపులో పేగులు లేచి నిలబడ్డాయి. అవ్వ ఎండిన జొన్న మొక్కల మధ్య నడుస్తూ పొలి చల్లింది. చుక్క పడ్డ చోటల్లా నేల చుస్సుమని పీల్చుకుంది. తర్వాత బాట గట్టు మీద నిలబడి, "రాండ్రి బాబా, తిని పోండ్రి" అని కేకేసింది. కంకర పని మీద ఉన్నవాళ్ళలోంచి ముగ్గురు వచ్చారు. ఒక ఆడమనిషి, ఆమె చేతుల నిండా రాతి గాట్లు. నాలుగేళ్ళ పిల్ల. వెనక, వెదురు బద్దలు కట్టిన చేతిని మెడకు వేలాడేసుకుని, వాడు. రాళ్ళు కొట్టే చెయ్యే లేకపోతే ఆ ఇంటికి ఏమవుతుందో ఆ ఆడమనిషి వేళ్ళు చెబుతున్నాయి.

"ఎట్లయింది బాబా చెయ్యి?" అంది అవ్వ.

వాడు నన్ను చూశాడు. చూసి, "పడ్లో" అన్నాడు. పడ్డానని.

అన్న ఆ బద్దల వైపు చూశాడు. నా వైపు చూశాడు. కర్ర మీది సత్తు మరకలు వారం కిందటే చూసి ఉంటాడు. "నాగన్నా, అవ్వకు సెప్పు" అన్నాడు మెల్లగా.

"ఏం సెప్పాలె?"

"నువ్వన్న సెప్పు, నన్నన్న సెప్పనియ్."

అవ్వ గరిటె ఆగింది. ఆమె నా మొహం చూసేలోపు నేను అన్న మీదికి దూకాను. కుండ కాపాడటానికి దూకానని కదా కథ. కాదు, ఆయన నోరు మూయడానికి దూకాను. రెండు చేతులా గొంతు పట్టుకుని నేలకేసి అదిమాను. పాండవుల రాళ్ళు చెల్లాచెదురయ్యాయి. ఆయన కళ్ళు ఉబ్బాయి, నాలుక కొన బయటికి వచ్చింది. అయినా నేను వదల్లేదు. ఇంకో నాలుగు ఊపిర్లు అలాగే ఉంటే ఇవాళ నేను రాసేవి జ్ఞాపకాలయ్యేవి కావు, జైలు ఉత్తరాలయ్యేవి. ఊపిరి అందక ఆయన తల తిప్పితే నోటికి నా చెవి దొరికింది. కొరికాడు. అంతే, ఆయనకు దొరికిన దారి అదొక్కటే. నేను వెనక్కి విరుచుకుపడ్డాను, నా వీపు కింద అంబలి కుండ పెటేలుమంది. కుండ పగలగొట్టింది ఎవరో ఇప్పుడు తెలిసింది కదా. అవ్వ ఎద్దుల ముల్లుకర్ర తీసుకుని మా ఇద్దరినీ కొట్టింది. అన్నను రెండు, నన్ను లెక్క లేకుండా. ఎందుకని ఎవరూ ఆమెకు చెప్పలేదు, చెప్పనక్కర్లేకపోయింది.

కొట్టి అలసిపోయి, బజ్జి కుండ వైపు చూసింది. అది నిలిచే ఉంది. విస్తరిలో పెట్టి నా ఒళ్ళోకి తోసింది.

"వాని చెయ్యి లేదు గద. నీ చెయ్యి పెట్టు."

నా మెడ మీద నుంచి నెత్తురు కారి భుజం తడుస్తోంది. వాడి ముందు కూర్చున్నాను. వాడి పెళ్ళాం పెడతానని ముందుకు వస్తే అవ్వ ఆపింది. ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టాను. వాడు నా కళ్ళలోకి చూస్తూ నోరు తెరిచాడు. ఒక ముద్ద తిన్నాడు, రెండు తిన్నాడు. మూడో ముద్దకు వాడి పళ్ళు నా చూపుడు వేలి మీద మూసుకున్నాయి. గట్టిగా కాదు. ఎముక తగిలేంత. వదల్లేదు. నేను లాక్కోలేదు, లాక్కునే ధైర్యం కూడా లేదు. రాళ్ళు కొడుతూ బిగపట్టి రాళ్ళలా అయిన దవడలు అవి, ఒక్క నొక్కు చాలు. వాడి ముక్కు ఊపిరి నా చేతి మీద వేడిగా తగులుతోంది. ఎంతసేపో తెలియదు. తర్వాత పళ్ళు విడిచాడు. ముద్ద నమిలి మింగాడు. మళ్ళీ నోరు తెరిచాడు.

మర్నాడు ఊరి చావడిలో, చెవికి పసుపు గుడ్డ కట్టుకుని, ఆ కథను నేను మొదటిసారి అటూ ఇటూ మార్చి చెప్పాను. అన్న కొట్టాడు, నేను ఆపాను. అది అన్న చెవిన పడింది. కొడతాడనుకున్నాను. ఆయన తాడుకు దారం ముడి వేసుకుంటూ, "పోనీ తియ్. నీకింక పెండ్లి గావాలె. చేతులిరగ్గొట్టెటోనికి పిల్లనెవడిస్తడు? నాదైతె అయిపోయింది" అని నవ్వాడు. నవ్వు ఆపి, ముడి బిగించి, ఇంకో మాట అన్నాడు. "అయినా కర్ర నీ చేతికిచ్చింది ఎవరు?" ఆ కుటుంబం అప్పటికే ముందు ఊరికి నడిచి వెళ్ళిపోయింది. బతికారో లేదో నాకు తెలియదు.

మరుసటి ఏడు వాన పడింది. మొదటి వానలోనే అన్న గొడ్డలి తీసుకుపోయి బావి చుట్టూ కంప మొత్తం నరికి అవతల పడేశాడు. ఒళ్ళంతా ముళ్ళు గీరుకుని, తడిసి, నెత్తురు కారుతూ ఇంటికి వచ్చాడు. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ ఆ బావికి దడి లేదు. అవ్వ చెప్పిన జోస్యం ఆయన మీద పారలేదు. నా మీద పారింది. ఇప్పుడు నాకు మూడు బోర్లున్నాయి, అల్లం వేస్తాను, చెరకు వేస్తాను. చుట్టూ ఇనుప జాలీ, రెండు కుక్కలు, మా వాడు పెట్టించిన కెమెరా. ఎల్లమాసకు బజ్జి పదిహేను రకాలతో వండుతాం, గేటుకు తాళం వేసుకుని తింటాం. బొంబాయి బాట మీద పోయే లారీలను ఎవడు పిలుస్తాడు? ఇవాళ మా ఇంట్లో దాహంతో ఎవరూ లేరు. అయినా కాపలా ఉంది. కరువు ఎప్పుడో పోయింది, కర్ర పోలేదు.

ఇదంతా శ్రావణికి చెప్పాను. మొదట నలుగురు అని మొదలుపెట్టబోయి, ఫోటో వైపు చూసి ఒక్కడు అన్నాను. ఆమె రాయడం ఆపేసి విన్నది. అంతా అయ్యాక, "మా నాయన తాగిన పాలు ఆ బావి నీళ్ళవే గద, చిన్న తాతా" అంది. అవునన్నాను. వాళ్ళ నాయనే ఆ ఆరు నెలల పసివాడు. "అంటే నేను గూడ గా కంప లోపటి దాన్నే" అంది. దానికి జవాబు పండితుల దగ్గర ఉంటే అడగమన్నాను.

"గాయన పేరేంది?"

"ఎరుక లేదు బిడ్డా. అన్నం తినిపిచ్చిన గని పేరడగలే."

వాళ్ళ తాత పేరు ఉన్న కాగితం తీసి అడ్డంగా కొట్టేసింది. నా పేరు రాసింది. రాసి, పుస్తకంలో వేయడానికి చెవి ఫోటో తీస్తానని ఫోను ఎత్తింది. వద్దని, కుడి చేయి చాపి చూపుడు వేలు చూపించాను. ఆమె వేలిని అటు తిప్పి ఇటు తిప్పి, వెలుతురులో పెట్టి చూసింది.

"ఇక్కడ ఏం లేదు గద, చిన్న తాతా?"

"ఏం లేదు బిడ్డా. గదే రాయి."